తివాచీలు శుభ్రం చేసే యంత్రానికి ముద్ర అవసరమా?

(సంఘం వార్షిక సభలో చేసిన ప్రసంగ పాఠం)



కార్యదర్శి గారు వచ్చి, "ఈసారి సభలో మీరు మాట్లాడాలి భాయ్" అన్నప్పుడు నాకు భయం వేసింది. నేను ఉపన్యాసాలు చెప్పేవాణ్ణి కాను. ఇరవై ఏళ్లకు పైగా తివాచీలు కడిగి, ఆరబెట్టి పిల్లల్ని చదివించుకున్నవాణ్ణి. "మీకు తెలిసిన పని గురించే చెప్పండి, అదే మాకు కావాలి" అన్నారు. ఎందుకు కావాలో మీలో చాలామందికి తెలుసు. చదువు ఆపేసి ఖాళీగా తిరుగుతున్న మన కుర్రాళ్లు ముగ్గురికి తివాచీలు, సోఫాలు శుభ్రం చేసే యంత్రం ఒకటి కొనివ్వాలని, ఆ సొమ్ము ఖర్జే హసనాగా, అంటే వడ్డీ లేని అప్పుగా ఇవ్వాలని కార్యవర్గం ఆలోచిస్తోంది. రెండు కొటేషన్లు వచ్చాయి. మొదటి యంత్రం మీద ఏ ముద్రా లేదు. రెండో దాని మీద విదేశీ సంస్థ ఇచ్చిన ముద్ర ఉంది. ధర దాదాపు రెండింతలు.

కమిటీలో సగం మంది "ముద్ర ఉన్నదే కొందాం, పిల్లల జీవితం" అంటున్నారు. మిగతా సగం "కాగితానికి అంత డబ్బు పొయ్యడం ఎందుకు, మిగిలిన దాంతో ఇంకో ఇద్దరికి దారి చూపించొచ్చు" అంటున్నారు. ఇద్దరి మాటలోనూ న్యాయం ఉంది. ఇది సభ్యులు నెల నెలా పది రూపాయలు, యాభై రూపాయలు వేసి కూడబెట్టిన సొమ్ము. అమానత్. కాబట్టి నాకు తెలిసినది దాపరికం లేకుండా మనవి చేస్తాను.

ముందుగా ఈ ఊళ్లో అసలు ఈ పని ఉందా అని కొందరికి అనుమానం. ఉంది. మన మసీదుల్లో పరిచిన తివాచీలు ఉన్నాయి. టెంట్ హౌసుల వాళ్ల దగ్గర పెళ్లిళ్లకు తిరిగే ఎర్ర కార్పెట్లు, జంపఖానాలు కట్టలు కట్టలుగా ఉన్నాయి. ఫంక్షన్ హాళ్లు, బ్యాంకులు, డాక్టర్ల క్లినిక్కులు ఉన్నాయి. చలికాలం వస్తే లంబసింగి చూడ్డానికి వచ్చే జనంతో చింతపల్లి దారి పొడుగునా బసలు నిండుతాయి. విశాఖపట్నం వెళితే హోటళ్లకు, ఆఫీసులకు లెక్కే లేదు. పని తెలిసినవాడికి తిండికి లోటుండదు.

ఇంకో మాట. తివాచీకి, మనవాళ్లకు సంబంధం ఇవాళ్టిది కాదు. పర్షియా నుంచి వచ్చిన నేతగాళ్ల కుటుంబాలు ఏలూరులో స్థిరపడి ఉన్ని తివాచీలు నేశారు. మచిలీపట్నం తివాచీలకూ ఒకప్పుడు గొప్ప పేరు. జార్జ్ బర్డ్‌వుడ్ అనే ఇంగ్లీషు దొర 1880లో భారతదేశపు చేతిపనుల మీద రాసిన పుస్తకంలో మచిలీపట్నం తివాచీలను మెచ్చుకుంటూనే, ఇంగ్లండు వర్తకుల గిరాకీ కోసం నేస్తూ నేస్తూ అవి చెడిపోయాయని బాధపడ్డాడు. ఆ రోజుల్లో తివాచీ మీద ఏ ముద్రా లేదు. నేసిన చేతి పేరే ముద్ర. కొనేవాడు దూరదేశంలో ఉండి, నేసేవాడి ముఖం చూడకుండా బేరం చేసినప్పుడు ఆ నమ్మకం తెగిపోయింది. మనిషి ముఖం చూసి నమ్మే వీలు లేని చోటే ముద్ర అవసరం పుడుతుంది. ఈ సంగతి మనసులో ఉంచుకోండి, చివర్లో పనికొస్తుంది.

ఇప్పుడు నా సొంత అనుభవాలు రెండు చెబుతాను. రెండూ నేను సిగ్గుపడేవే.

పనిలోకి దిగిన కొత్తలో నా దగ్గర డబ్బు లేక, ఎవరో ఎక్కడో బిగించిన యంత్రం ఒకటి చౌకగా కొన్నాను. నీళ్లు చిమ్మి మళ్లీ పీల్చే రకం. దానికి పేరూ లేదు, ముద్రా లేదు. మూడు కాళ్ల ప్లగ్గులో ఎర్త్ కాలు విరిగిపోతే, రెండు కాళ్లతోనే పని జరిగిపోతోంది కదా అని అలాగే నడిపించాను. ఒక రోజు ఒక హాల్లో తడి కార్పెట్ మీద వట్టి కాళ్లతో నిలబడి నా దగ్గర పని చేసే కుర్రాడు ఆ యంత్రం పిడి పట్టుకున్నాడు. లోపల వైరు తొక్క ఊడి రేకుకు తగులుతోందని మాకు తెలియదు. వాడు విసిరేసినట్టు పడ్డాడు. పక్కనున్నాయన పరుగెత్తి మెయిన్ ఆపాడు. అల్లా దయవల్ల వాడు బతికాడు. వాళ్ల అమ్మ నన్ను ఒక్క మాట కూడా అనలేదు. అనకపోవడమే నాకు ఎక్కువ శిక్ష అయింది. ఆ యంత్రాన్ని పాత ఇనుముకు తూకానికి అమ్మేశాను.

రెండోది దీనికి సరిగ్గా ఎదురు సంగతి. కొన్నేళ్లు గడిచాక కాస్త నిలదొక్కుకుని, విదేశీ ముద్ర ఉన్న మంచి యంత్రం అప్పు చేసి కొన్నాను. 2013 జూలైలో, రంజాన్ నెల మొదలు కావడానికి నాలుగు రోజుల ముందు, ఒక మసీదులో తివాచీ మొత్తం కడగమని పని అప్పగించారు. ముద్ర ఉన్న యంత్రం నా చేతిలో ఉందని ఎంత ధీమానో! ముందు దుమ్ము పూర్తిగా లాగకుండానే నీళ్లు కొట్టాను. మరక కనబడిన చోటల్లా రెండుసార్లు, మూడుసార్లు తడిపాను. బయట వాన. కిటికీలు మూసి తాళం వేసి ఇంటికి పోయాను. మర్నాడు చూస్తే తివాచీ అడుగున ఉన్న జనపనార నుంచి గోధుమ రంగు పైకెక్కి, పొడుగునా చారలు తేలాయి. మూడో రోజుకు ముక్కు వాసన. మొదటి తరావీహ్ నాడు ఆ వాసనలోనే జనం సజ్దా చేశారు. వెనక వరుసలో నిలబడిన నేను తల ఎత్తలేకపోయాను. యంత్రంలో లోపం ఏమీ లేదు. నడిపినవాడిదే లోపం.

ఈ రెండు సంగతులూ పక్కపక్కన పెట్టి చూస్తే అసలు ప్రశ్నకు సగం జవాబు దొరుకుతుంది. మొదటి చోట ముద్ర లేకపోవడం ఒక ప్రాణం మీదికి తెచ్చింది. రెండో చోట ముద్ర ఉండి కూడా పని చెడింది. ఎందుకంటే ముద్రలన్నీ ఒకటి కావు. ఏ ముద్ర ఏ మాటకు పూచీ పడుతోందో తెలుసుకోకపోతే డబ్బు పోతుంది, ఒక్కోసారి అంతకంటే పెద్దదే పోతుంది.

మనందరికీ తెలిసిన ఐఎస్ఐ ముద్రతో మొదలుపెడదాం. ఇండియన్ స్టాండర్డ్స్ ఇన్‌స్టిట్యూషన్ 1947లో ఏర్పడింది. వస్తువులకు ముద్ర ఇచ్చే చట్టం 1952లో వచ్చింది. 1987 ఏప్రిల్ 1 నుంచి ఆ సంస్థ బ్యూరో ఆఫ్ ఇండియన్ స్టాండర్డ్స్‌గా మారింది గాని, ముద్రకు పాత పేరే నిలిచింది. ఆ ముద్ర పైన ఏ ప్రమాణమో దాని అంకె ఉంటుంది, కింద సీఎం/ఎల్ అని లైసెన్సు నంబరు ఉంటుంది. ఆ నంబరు లేకుండా బొమ్మ ఒక్కటే ఉంటే అనుమానించాలి. ఇప్పుడు బీఐఎస్ కేర్ అనే యాప్‌లో ఆ నంబరు కొట్టి నిజమైనదో కాదో ఎవరైనా చూసుకోవచ్చు. కరెంటు వస్తువుల మీద ఈ ముద్ర ముఖ్యంగా చెప్పేది ఒకటే: సరిగ్గా వాడితే ఇది మనిషిని చంపదు. తివాచీ ఎంత శుభ్రపడుతుందో అది చెప్పదు.

కొన్ని పెద్ద యంత్రాలకు ఐఎస్ఐ ముద్ర ఉండకపోవచ్చు. అప్పుడు అమ్మేవాణ్ణి పరీక్షా పత్రం అడగాలి. నీళ్లు చిమ్మి పీల్చే వృత్తి యంత్రాల భద్రతకు అంతర్జాతీయంగా ఐఈసీ 60335-2-68 అని ఒక ప్రమాణం ఉంది. యంత్రం మీద ఐపీఎక్స్4 అని రాసి ఉంటే, ఏ వైపు నుంచి నీటి జల్లు పడ్డా తట్టుకునేలా కట్టారని అర్థం. తడిలో చేసే పనికి ఇది చిన్న మాట కాదు.

రెండో రకం ముద్ర పనితనానికి సంబంధించింది. మన కొటేషన్‌లో ఉన్నది ఈ రకమే. అమెరికాలో జార్జియా రాష్ట్రం డాల్టన్ పట్టణంలో కార్పెట్ అండ్ రగ్ ఇన్‌స్టిట్యూట్ అని తివాచీ తయారీదార్ల సంఘం ఉంది. వాళ్లు యంత్రాలను పరీక్షించి 'సీల్ ఆఫ్ అప్రూవల్' ఇస్తారు. అందులో కంచు, వెండి, బంగారం అని తరగతులు ఉన్నాయి. వాక్యూమ్ క్లీనర్‌లో మూడు చూస్తారు. దుమ్ము ఎంత లాగింది, లాగిన దుమ్మును మళ్లీ గాల్లోకి ఎంత వదిలింది, తివాచీ నూగు పాడైందా లేదా. నీళ్లతో కడిగే యంత్రాలకు ఒక చిత్రమైన పద్ధతి పెట్టారు. కొన్ని మూలకాలు కలిపిన మురికిని లెక్కగా తివాచీకి పట్టించి, కడగక ముందు, కడిగిన తరువాత ఎక్స్‌రే పరికరంతో కొలుస్తారు. ఎంత మురికి పోయిందో కంటితో కాక అంకెతో తెలుస్తుంది. పోసిన నీటిలో ఎంత తిరిగి పీల్చిందో కూడా చూస్తారు.

ఇది మంచి పనే. నేను తక్కువ చేసి మాట్లాడను. ముఖ్యంగా దుమ్ము మళ్లీ గాల్లోకి వదలకపోవడం, ఆయాసం ఉన్న పెద్దవాళ్లు, పిల్లలు కూర్చునే చోట చాలా ముఖ్యం. అయితే ఆ పరీక్ష జరిగేది వాళ్ల ప్రయోగశాలలో, వాళ్ల తివాచీ మీద, వాళ్లు కలిపిన మురికితో. మన మసీదు తివాచీ మీద పడేది వజూ చేసి వచ్చిన తడి కాళ్లు. తలనూనె. పక్క రోడ్డు మీంచి లేచే ఎర్రమట్టి. వానాకాలంలో మూడు రోజులైనా ఆరని గాలి. ఇవేవీ ఆ బంగారు ముద్ర లెక్కలో లేవు. నడిపే మనిషి కూడా ఆ లెక్కలో లేడు.

ఈ వాదం అక్కడి పనివాళ్లకూ కొత్తకాదు. అమెరికాలో కొన్ని తివాచీ కంపెనీలు, వారంటీ నిలవాలంటే ముద్ర పొందిన యంత్రంతోనో, ముద్ర పొందిన సంస్థతోనో శుభ్రం చేయించాలని షరతు పెట్టాయి. దాంతో ముద్ర ఉన్నవాడికి పని దొరికింది, లేనివాడు ఎంత పనిమంతుడైనా గుమ్మం బయట నిలబడ్డాడు. "తివాచీ తయారుచేసేవాళ్లే మా యంత్రాలకు మార్కులు వెయ్యడం ఏమిటి? చెయ్యి తిరిగినవాడు పాత యంత్రంతో చేసేది, కొత్తవాడు బంగారు ముద్రతో చెయ్యలేడు" అని ఒక వర్గం. "ఏ లెక్కా లేకుండా ప్రతి అమ్మకందారూ నాదే గొప్ప అంటుంటే, ఒక కొలత ఉండటం నయం కాదా" అని ఇంకో వర్గం. నా మటుకు నాకు రెండూ నిజమే అనిపిస్తుంది. అదే దేశంలో 1972లో మొదలైన ఐఐసీఆర్‌సీ అనే సంస్థ, పని నేర్చుకుని పరీక్ష పాసైన మనిషికి సర్టిఫికెట్ ఇస్తుంది. అంటే యంత్రానికి ముద్ర ఒకటి, చేతికి ముద్ర ఇంకొకటి అని వాళ్లూ విడదీసి చూశారు. ఉన్ని తివాచీలకు వాడే మందులను పరీక్షించడానికి ఇంగ్లండులో వూల్‌సేఫ్ అని 1991 నుంచి ఉంది. ఎందుకంటే ఉన్నికి ఘాటైన క్షారం పడదు. చాకలి సోడా వేసి ఏలూరు తివాచీ ఉతికితే ఏ యంత్రమైనా ఏం కాపాడుతుంది? మన పెద్దవాళ్లు కంబళ్లకు కుంకుడు రసం వాడింది ఊరికే కాదు.

మూడో రకం, ముద్రలా కనిపించే అక్షరాలు. కరపత్రాల మీద 'ఐఎస్ఓ 9001' అని పెద్ద అక్షరాలతో వేస్తారు. అది ఆ కంపెనీ తన పనుల నిర్వహణ ఒక పద్ధతి ప్రకారం చేస్తోందని చెప్పేది. ఆ యంత్రాన్ని ఎవరో పరీక్షించారని దాని అర్థం కాదు. 'సీఈ' అనే అక్షరాలు ఐరోపా నియమాలకు లోబడి ఉందని చెప్పేవి. చాలా వస్తువుల విషయంలో ఆ మాట తయారీదారు తనంతట తాను ప్రకటించుకునేదే. ఇవి చూపించి ధర పెంచితే ఒప్పుకోకండి.

మరి వృత్తిలో ఉన్నవాడికి పనితనపు ముద్ర వల్ల లాభం లేదా? ఉంది. విశాఖలో పెద్ద హోటల్ మేనేజరు మన కుర్రాణ్ణి ఎరగడు. వాడి నాన్నను ఎరగడు. టెండరు కాగితంలో 'ఏ యంత్రం, ఏ సర్టిఫికెట్' అనే గడి ఉంటే, అక్కడ ఏదో ఒకటి రాయాలి. ఇందాక మనవి చేశాను, ముఖం చూసి నమ్మే వీలు లేని చోట ముద్ర మాట్లాడుతుందని. నర్సీపట్నంలో అలా కాదు. ఇక్కడ మసీదు ముతవల్లి గారికి, టెంట్ హౌసు ఆసామికి మన కుర్రాళ్లు కళ్లముందు పెరిగినవాళ్లు. ఇక్కడ ఒక తివాచీ చెడగొడితే ఏ ముద్రా కాపాడదు, ఒకటి బాగు చేస్తే పది వస్తాయి. కాబట్టి మొదటి రెండేళ్లు మన ఊళ్లో పని అనుకుంటే ఆ బంగారు ముద్రకు రెండింతలు పెట్టనక్కర్లేదు. రేపు విశాఖ టెండర్లు వేసే స్థితికి వస్తే, అప్పుడు వాళ్లే తమ సంపాదనతో కొనుక్కుంటారు.

అలాగని ముద్ర లేని మొదటి యంత్రాన్ని కళ్లు మూసుకుని కొనమని నేను చెప్పడం లేదు. భద్రత విషయంలో ఒక్క రూపాయి తగ్గించినా నేను ఒప్పుకోను. ఐఎస్ఐ గాని, సరైన పరీక్షా పత్రం గాని చూపించలేకపోతే ఎంత చౌకైనా ఆ యంత్రం మనకొద్దు. దాంతోపాటు ముగ్గురికీ రబ్బరు బూట్లు, మూడు కాళ్ల గట్టి ప్లగ్గు, 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ బిగించిన ఎక్స్‌టెన్షన్ బోర్డు కొనివ్వాలి. ఇంట్లో ఉండే మామూలు ఎంసీబీ లోడు ఎక్కువైనా, షార్ట్ అయినా పడుతుంది. మనిషి ఒంట్లోంచి కరెంటు పోతుంటే అది చూస్తూ ఊరుకుంటుంది. ఆర్‌సీసీబీ క్షణంలో కట్టేస్తుంది. ఆ రోజు నా దగ్గర అదొక్కటి ఉంటే ఆ తల్లి ముందు తల దించుకునే పని ఉండేది కాదు.

ఇక పనితనం సంగతి. దానికి మనమే ఒక పరీక్ష పెట్టుకుందాం. ఇద్దరు అమ్మకందార్లనూ డబ్బు కట్టక ముందే మన సంఘం హాలుకు పిలుద్దాం. టెంట్ హౌసులో వాడి వాడి మురికి పట్టిన కార్పెట్ ఒకటి తెచ్చి చెరి సగం ఇద్దాం. ఇద్దరికీ కొలిచి పది లీటర్ల చొప్పున నీళ్లు పోసి, మురికి తొట్టిలోకి ఎన్ని లీటర్లు తిరిగి వచ్చాయో బకెట్టుతో కొలుద్దాం. తిరిగి రాని నీళ్లన్నీ తివాచీలో ఉండిపోయినట్టే. కడిగిన చోట తెల్ల గుడ్డ నొక్కి మురికి చూద్దాం. రాత్రి ఫ్యాన్లు వేసి వదిలి, పొద్దున్నే చెయ్యి పెట్టి, ముక్కు పెట్టి చూద్దాం. డాల్టన్‌లో చేసే పరీక్షకు ఇది బీదవాళ్ల నకలే గాని, మన మురికి మీద, మన గాలిలో జరిగిన పరీక్ష. విడి భాగాలు ఎక్కడ దొరుకుతాయి, మోటారు కాలితే అనకాపల్లిలో బాగవుతుందా, విశాఖకు మొయ్యాలా అని కూడా అక్కడే అడుగుదాం. రంజాన్ ముందు వారం యంత్రం మూలపడితే ఏ ముద్రా కూలి ఇవ్వదు.

మిగిలిన సొమ్ములో కొంత చేతికి పెట్టాలని నా మనవి. పిల్లలు మూడు నెలలు నా వెంట తిరగనివ్వండి. జీతం నేను ఇవ్వలేను గాని, భోజనం, దారి ఖర్చు నావి. నీళ్లు తాకించక ముందు దుమ్ము మొత్తం లాగడం, మూలలో తెల్లగుడ్డ తడిపి నొక్కి రంగు వదులుతుందేమో చూడటం, ఉన్నికి ఒక మందు, నైలానుకు ఒక మందు అని తెలుసుకోవడం, వాన రోజున "ఇవాళ కడగను, రేపు రండి" అని చెప్పే ధైర్యం తెచ్చుకోవడం, ఇవన్నీ నేను డబ్బు, పరువు పోగొట్టుకుని నేర్చుకున్నవి. వాళ్లు ఉచితంగా నేర్చుకుంటే నాకు సంతోషం.

ఆ రోజు షాకు తగిలి పడిన కుర్రాడు ఇప్పుడు పెద్దవాడయ్యాడు. పెళ్లయింది, ఇద్దరు పిల్లలు. ఈ సభలోనే కూర్చుని ఉన్నాడు. పేరు చెప్పొద్దన్నాడు, చెప్పను. నిన్న రాత్రి ఈ ప్రసంగం గురించి అడిగితే ఒకే మాటన్నాడు: "చాచా, ముద్ర ఉందా లేదా అని తరవాత చూడమను. ముందు ఎర్త్ కాలు ఉందో లేదో చూడమను." నేను ఇంతసేపు చెప్పిందంతా వాడు ఒక్క ముక్కలో చెప్పాడు.